వాలు మీద పరావలయం

1977 వేసవిలో నన్ను కుందుర్పి వైపు కరువు పనుల మీద వేశారు. నేను సూపర్‌వైజర్ని. గుట్ట వాలులో రాయి పగలగొట్టించి బండిదారి తీయించాలి.

మందు పేల్చేటప్పుడు కూలీలను ఎంత దూరం పంపాలో తేల్చే బాధ్యత నాదే. ఎగిరిన రాయి పరావలయంలో పోతుంది. పైకి లేచి, శిఖరం దాటి, ఎక్కినట్టే దిగుతుంది. గ్రాఫు కాగితం మీద వర్గ సమీకరణం గీశాను. వంపు రెండోసారి x అక్షాన్ని తాకింది నూట యాభై మీటర్ల దగ్గర. ఇంకో పాతిక కలిపి వాలు కింద ఎర్రజెండా నాటించాను. చదువు అక్కరకొచ్చిందని కాస్త మిడిసిపడ్డాను కూడా.

మందు పెట్టే ఖాసిం సాబు వత్తి అంటించి వచ్చి, బండ చాటున నా పక్కన కూర్చున్నాడు. "ఏం సారూ, కిందోళ్లు ఆడుంటే చాలునా?" అన్నాడు. లెక్క చూపిద్దామని కాగితం విప్పాను. అప్పుడు కనిపించింది నా తప్పు. అక్షమంటే మందు పెట్టిన చోటి మట్టం. జెండా దగ్గర నేల అంతకన్నా దాదాపు అరవై మీటర్లు దిగువన ఉంది. నేను అక్షం దగ్గరే గీత ఆపేశాను. రాయి ఆగదు, ఇంకా కిందికి, ఇంకా దూరం పోతుంది. జెండా దాటిన వెంటనే ముప్పై మంది ఆడవాళ్లు సద్దులు విప్పుకుని కూర్చున్నారు.

మెడలో విజిలుంది, కానీ ఊదలేను. విజిలు వేస్తే పేలుడు అయిపోయినట్టు, పైకి రావచ్చని వాళ్లకు నేర్పింది మేమే. లేచి నిలబడి, పొమ్మని చేతులూపుతూ అరిచాను. ఎదురుగాలి. కూలీల మేస్త్రీ లక్ష్మక్క నా చేతులు చూసి, పిలుస్తున్నాననుకుని పైకి నడిచింది. ఆమె వెనక అందరూ లేచారు.

ఖాసిం నన్ను కిందికి లాగాడు. పేలింది. కళ్లు మూసుకున్నాను. జన్మలో అంత భయపడలేదు.

పెద్ద రాళ్లు వాళ్ల తలల మీదుగా పోయాయి. ఒకామె భుజానికి చిన్న రాతి పెచ్చు తగిలింది, అంతే. సద్దులున్న చోట గిన్నెలన్నీ నుజ్జయ్యాయి.

లక్ష్మక్క వచ్చి మొక్కింది. "మీరు పిలిచినారు కాబట్టి బతికినాం సారూ. లేకుంటే అందరం ఆడే పోయుందుము" అంది. నేను పిలవలేదని చెప్పడానికి నోరు రాలేదు. పై ఇంజనీరుకు మాత్రం ఉన్నదున్నట్టు రాశాను. మర్నాడు ఆమె మారుమాట లేకుండా నేను చూపిన చోటే జనాన్ని కూర్చోబెట్టింది. ఆ నమ్మకం చూసి నాకు మళ్లీ భయమేసింది.

అప్పటినుంచి ముందు వాలు మట్టాలు కొలిచి, వంపును నేల తాకేదాకా గీశాకే జెండా నాటించాను. సమీకరణం సరైనదే అయినా, దాన్ని ఎక్కడ ఆపామన్నది ప్రాణం తీయగలదు.