పాలసముద్రం కింద పడుకుని

నా చిన్నప్పుడు, డెబ్బైల నడుమ, నాన్న ఉద్యోగం వల్ల మేం మస్కట్‌లో ఉండేవాళ్లం. పక్కింటి అక్క ఆసుపత్రిలో నర్సు. పెళ్లికి ముందు పదేళ్లు కూచిపూడి నేర్చుకుందట. పాలసముద్రాన్ని చిలికే కథను రెండు గంటల బ్యాలేగా, అక్కడున్న మనవాళ్లతోనే ఆడించాలని పట్టుబట్టింది. శుక్రవారం సెలవు కాబట్టి నాన్న కంపెనీ మెస్సులో బల్లలు గోడకు జరిపి రిహార్సల్ చేసేవాళ్లం. వాసుకి అంటే కంపెనీ భవనాలు కట్టే సైటు నుంచి తెచ్చిన మోకు. అసురులూ సైటు వాళ్లే. వాళ్లకు నాయకుడు కరీంనగర్ వైపు నుంచి వచ్చిన వడ్రంగి మేస్త్రీ.

నాకు గజ్జె కట్టి ఆడాలని ఆశ. అక్క నన్ను సముద్రంలో వేసింది. ఆరుగురు పిల్లలం తెల్లబట్ట కింద బోర్లా పడుకుని, తాళానికి తగ్గట్టు వీపులు ఆడించాలి. అదీ ఆట సాగినంతసేపూ. మేం ఎవరికీ కనిపించం, మాకూ ఏమీ కనిపించదు. పైన ఏం జరుగుతోందో చూడాలని ప్రాణం కొట్టుకునేది. ఒక శుక్రవారం ఆగలేక బట్ట ఎత్తి తొంగిచూశాను. మేస్త్రీ కాలు అందులో చిక్కుకుని ఆయన దబ్బున పడ్డాడు.

"ఏంది బిడ్డా, సముద్రం లేసి కూసుంటదా!" అని మోకాలు రుద్దుకుంటూ నవ్వాడు. అందరూ నవ్వారు. నేను ఏడ్చి, ఇక రానన్నాను.

అక్క తిట్టలేదు. "సరే, మానేద్దువుగాని. ఈ ఒక్కసారికీ కళ్లు మూసుకుని పడుకో. పైన ఎవరొచ్చారో, ఎవరెళ్లారో చివర్లో నాకు చెప్పు. చూసి ఎవరైనా చెబుతారు, చూడకుండా చెప్పు చూద్దాం" అంది.

ఆ మాటకు పడిపోయాను. మేస్త్రీ మడమ బరువుగా పడేది. దేవతల్లో ఒకాయన ప్రతిసారీ అర అడుగు ఆలస్యం. విషం పుట్టే ముందు గజ్జెలన్నీ ఒక్కసారిగా ఆగిపోయేవి. మిగతా పిల్లలూ ఆ ఆటలో చేరారు. నెల తిరిగేసరికి మా ఆరుగురికీ కథ మొత్తం, పాటలతో సహా వచ్చేసింది. అది ఎవరూ మాకు నేర్పలేదు.

ప్రదర్శన నాడు, అక్కే మోహినిగా అమృతకలశంతో వచ్చింది. విజయవాడలో పాడించి తెప్పించిన క్యాసెట్ సరిగ్గా అప్పుడే లోపల చుట్టుకుపోయి కీచుమని ఆగింది. అక్క గజ్జెలూ ఆగాయి. అయిదు నెలల కష్టం అక్కడితో పోయినట్టే అనిపించింది. తర్వాత ఏ మాట రావాలో నాకు తెలుసు. బట్ట కింది నుంచే అందుకున్నాను. పక్కనున్న పిల్ల కలిసింది, తర్వాత అందరూ.

"ఆపకు బిడ్డా, పాడు" అన్న మేస్త్రీ గొణుగుడు బట్ట మీదుగా వినిపించింది. ఒక క్షణం గడిచాక అక్క పాదం కదిలింది.

సముద్రమే పాడుతోందని జనం అనుకున్నారట. తర్వాత నేను పత్రికలో పనికి కుదిరి లెక్కలేనన్ని ప్రదర్శనలు చూశాను. పిల్లలకు మూడు నిమిషాల డాన్సు చాలదా, పెద్ద ఆటలో ఎవరికీ కనబడని మూల ఎందుకు అని ఎవరైనా అంటే వాదించను. మోహిని ఆ రోజు ఎలా ఆడిందో ఈనాటికీ నాకు తెలియదు. ఆగిన గజ్జెలు మళ్లీ కదిలిన ఆ చప్పుడు మాత్రం, కళ్లు మూసుకుంటే చాలు, నా వీపు మీదే వినిపిస్తుంది.