విన్సెంట్ ఉపవాసం

మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రి వెనక, పనివాళ్ల క్వార్టర్సులో, పగలంతా మూసి ఉండే గది ఒకటుంది. ఆ గదిలో విన్సెంట్ ఉపవాస ప్రార్థన చేస్తున్నాడని సంఘమంతా నమ్మింది. అతను ఫోనులో తుపాకులు పేలుస్తున్నాడు.

ఆ నమ్మకం ఎలా పుట్టిందో చెప్పాలి. విన్సెంట్ కుప్పంలో ఇంజనీరింగ్ చదవబోయి, సగం సబ్జెక్టులు తప్పి, పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేశాడు. వచ్చిన కొత్తలో ఎదురైన ప్రతివాడూ "ఏం చేస్తాండావప్పా?" అని అడిగేవాడు. జవాబు తెలిసే అడిగేవాళ్లు. ఎదుటివాడి మొహం మాడిపోతుంటే చూడటం వాళ్లకు కాఫీతోపాటు బిస్కెట్ లాంటిది. ఆ ప్రశ్నకు భయపడి విన్సెంట్ గదిలో దూరాడు. గదిలో ఫోను ఉంది. ఫోనులో ఒక దీవి ఉంది. ఆ దీవిలో ముఖం తెలియని ముగ్గురు కుర్రాళ్లు అతని మాట కోసం కాచుకుని ఉండేవాళ్లు. ఎటు పరిగెత్తాలో, ఎవణ్ణి కాల్చాలో విన్సెంట్ చెబితేనే కదిలేవాళ్లు. బయటి లోకంలో ఇంట్లోకి ఏ కూర తేవాలో కూడా అతన్ని అడిగిన మనిషి లేడు.

మొదట్లో అది సరదా. తర్వాత ఆకలి తెలియడం మానేసింది. నిద్ర పోయింది. బొటనవేళ్లు మొద్దుబారి, చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా తడుముకోవాల్సి వచ్చేది. మెడ పట్టేసింది. కళ్లు ఎప్పుడూ కారం పడ్డట్టు మండేవి. ఆట ఆపితే గుండె దడదడలాడేది, ఒళ్లంతా చెమట పట్టేది, ఎవరినైనా పట్టుకుని కొట్టాలన్నంత కసి పుట్టేది. మళ్లీ ఆట మొదలుపెడితే అన్నీ సర్దుకునేవి. ఆడటంలో ఇప్పుడు సంతోషమేమీ లేదు. ఆడకపోవడం భరించలేక ఆడుతున్నాడు.

తల్లి యేసమ్మ ఆసుపత్రిలో ఆయా. భర్త పోయాక ఆ జీతంతోనే ఇద్దరు పిల్లల్ని సాకింది. ఒకరోజు ఇంటి కూడికలో అందరి ముందూ భోరున ఏడ్చేసింది.

"నా బిడ్డ అన్నం ముట్టడంల్యా. తలుపేసుకొని లోపలే ఉంటాడు. చిక్కి సగమైపోయినాడు. ఒక మాటా ల్యా, పలుకూ ల్యా."

ఇంకోచోట అయితే ఎవరైనా డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మనేవాళ్లు. ఇక్కడ, ఆసుపత్రి గోడకు వీపు ఆనించి కూర్చుని కూడా, ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. సంఘపెద్ద బర్నబాస్ కళ్లు మూసుకుని, చేతులు పైకెత్తాడు.

"ఏడస్తావెందుకు యేసమ్మా! నీ కొడుకు ఉపవాసంలో ఉండాడు. ఎవురికీ చెప్పకుండా చేసేదే అసలైన ఉపవాసం. దేవునికి స్తోత్రం!"

అందరూ స్తోత్రం అన్నారు. అంతే, పని అయిపోయింది. తలుపు తెరిచి చూద్దామన్నవాడు లేడు. లోపల్నుంచి గొణుగుడు వినిపిస్తే చెప్పులు విడిచి నడిచేవాళ్లు తయారయ్యారు. యేసమ్మ నడకే మారిపోయింది. నిన్నటిదాకా కొడుకు అన్నం ముట్టలేదని ఏడ్చిన మనిషి, ఇప్పుడు ముట్టని కంచాన్ని చూసి మురిసిపోయింది.

ఈ సంగతి విన్సెంట్‌కు చెల్లెలు గ్లోరియా చెప్పింది. కిటికీ రెక్క తోసి, ముక్కు మూసుకుని మరీ చెప్పింది.

"ఏమన్నా, నువ్వు ప్రవక్తవైపోయినావంట?"

"ఎవురన్నారు?"

"అందురూ అంటాండారు. నీ గది కంపు ప్రవక్తల కంపని నాకింతకు ముందు తెలీదులే."

"గమ్మున పో."

"పోతా. నువ్వన్నా అమ్మకు నిజం చెప్పు. ఆ యమ్మ ఆసుపత్రంతా చాటుకుంటాంది."

అతను చెప్పలేదు. ఎందుకు చెబుతాడు? తలుపు తట్టేవాళ్లు పోయారు. ఏం చేస్తున్నావని అడిగేవాళ్లు పోయారు. నవ్విన నోళ్లే ఇప్పుడు అతని పేరు ఎత్తగానే మెత్తబడుతున్నాయి. వాళ్ల మూఢత్వమే అతనికి కాపలా కాస్తోంది. కాయనీ అనుకున్నాడు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక బర్నబాస్ ఒక తండ్రినీ కూతుర్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. తండ్రి శరత్ బాబు, పుంగనూరులో ఫోటో స్టూడియో నడుపుతాడు. కూతురు హర్షిత బడికి పోయే పిల్ల. ఆ పిల్లకు ఫిట్స్. తెల్లబట్టల జనం గుమ్మంలో మూగింది. యేసమ్మ తానే గది తలుపు తీసింది. విన్సెంట్ ఫోను దిండు కింద తోసేసి, మంచం మీద లేచి కూర్చున్నాడు.

"వందనాలన్నా," అన్నాడు శరత్ బాబు. వయసులో పెద్దవాడే, అయినా వంగాడు. "మీరు ఈ బిడ్డ తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేస్తే సాలు. మాత్రలు నిలిపేసినాను."

"యాల నిలిపినావు?"

"విశ్వాసం ఉండేవానికి మాత్రలెందుకని పెద్దాయన చెప్పినారు."

విన్సెంట్ బర్నబాస్ వైపు చూశాడు. ఆ మొహంలో బెరుకు లేదు. తర్వాత తల్లి వైపు చూశాడు. ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపేసిన పిల్లల్ని వార్డులో ఏ స్థితిలో తెచ్చి పడుకోబెడతారో యేసమ్మకు బాగా తెలుసు. వాళ్ల పక్కబట్టలు మార్చేది ఆమే. అయినా నోరు మెదపలేదు. కొడుకు పేరు నిలవాలి మరి. హర్షిత నాలుక చివర పాత గాటు ఒకటుంది. పెదవి తడుపుకున్నప్పుడల్లా అది కనిపిస్తోంది. ఆ తల మీద చెయ్యి పెడితే, ఈసారి పిల్ల లేవకపోతే, ఆ పాపం ఎవరిదవుతుందో విన్సెంట్‌కు అర్థమైంది.

"నేను ఉపవాసం చెయ్యలేదు. ఆట ఆడుతాండాను, ఫోన్లో. బిడ్డకు మాత్రలెయ్యండి."

బర్నబాస్ చిరునవ్వు నవ్వాడు.

"సూసినారా తగ్గింపు! తన్ను తాను ఎంత తక్కువ చేసుకుంటాండాడో!"

గుమ్మంలో స్తోత్రాలు లేచాయి. విన్సెంట్ ఒళ్లు మండిపోయింది. తిడితే పట్టించుకోని జనాన్ని చూశాడు గానీ, నిజం చెబితే కొలిచే జనాన్ని ఇప్పుడే చూస్తున్నాడు. దిండు కింది ఫోను లాగి, శబ్దం పెంచి, అందరికీ కనబడేలా పట్టుకున్నాడు.

"ఇదో, ఇదీ నా ప్రార్థన. సూడండి!"

చూపించి ఆపేద్దామనే అనుకున్నాడు. విమానంలోంచి దూకడం వరకు చూపిస్తే చాలు. దూకాడు. కిందికి దిగగానే తుపాకి దొరికింది. ఎవరో కాల్చారు. తిరిగి కాల్చాడు. ఆ తర్వాత గదిలో జనం ఉన్నారన్న సంగతే పోయింది. బర్నబాస్ ఏదో అంటున్నాడు. శరత్ బాబు "అన్నా, అన్నా" అంటున్నాడు. యేసమ్మ "సాలు నాయనా, ఇట్లియ్యి" అంటూ ఫోను పట్టుకుంది. విన్సెంట్ తల ఎత్తకుండానే మోచేత్తో ఆమెను తోసేశాడు. ఆమె తలుపు చెక్కకు కొట్టుకుని కూలబడింది. కనుబొమ చిట్లింది. అతను ఇంకా ఆడుతూనే ఉన్నాడు. దీవిలో తన బొమ్మ చచ్చాకగానీ తల ఎత్తలేదు.

ఈసారి స్తోత్రం ఎవరి నోటా రాలేదు.

శరత్ బాబు కూతుర్ని గబుక్కున తన వైపు లాక్కున్నాడు. బర్నబాస్ మీదికి తిరిగాడు. "ఏమయ్యా పెద్దమనిషీ, ఈడి కోసమా నా బిడ్డ మాత్రలు నిలిపిచ్చినావు? మాత్రలు పుంగనూర్లో ఉండాయి. దోవలో ఈ బిడ్డకేమన్నా అయితే నిన్ను వదలను!"

"సైతాను పనప్పా ఇది..." అని బర్నబాస్ మొదలుపెట్టాడు. వినేవాడు లేక గుంపులోకి వెనక్కి జారుకున్నాడు.

యేసమ్మ లేచింది. కొంగుతో కనుబొమ అదుముకుంది. "పుంగనూరు దాకా పోబన్లేదు. ఈడ క్యాజువాలిటీలో మాత్రలుంటాయి. రాండి," అంది. ఒక చేత్తో హర్షిత చెయ్యి పట్టుకుంది. రెండో చేత్తో కొడుకు మణికట్టు పట్టి లేపింది.

తాను పనిచేసే ఆసుపత్రిలోకే, తనను అక్కా అని పిలిచే నర్సుల ముందుకే ఇద్దర్నీ తీసుకుపోయింది. శరత్ బాబు వెనకే నడిచాడు.

"ఏమైందక్కా? నెత్తురు కారతాంది! పేషెంటు ఎవురు?" అంది నర్సు.

"నేను కాదు. ఈ బిడ్డకు ఫిట్స్ మాత్రలు ఆపేసినారు, ముందు దీన్ని సూడు. తర్వాత వీణ్ణి. తిండిల్యా, నిద్రల్యా, ఫోను పిచ్చి. ఫోను లాక్కోబోతే నన్ను తోసినాడు. అట్లే రాసుకో."

వరండాలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పారు. ఆ క్షణంలో విన్సెంట్ తల్లిని ద్వేషించినంతగా లోకంలో ఎవరినీ ద్వేషించలేదు. చెయ్యి విదిలించుకుని పోగలడు. ఆమె పట్టు అంత గట్టిదేమీ కాదు. కాని పోతే మళ్లీ ఆ గదిలోకే పోవాలి.

హర్షితకు మాత్ర వేసి, మంచం మీద పడుకోబెట్టాక డాక్టరమ్మ విన్సెంట్ దగ్గరికి వచ్చింది. మొద్దుబారిన బొటనవేళ్లను తిప్పి చూసింది.

"ఆడనప్పుడు ఎట్లుంటాదప్పా నీకు?"

ఆ మాట అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. తల్లి పక్కనే నిలబడి వింటోంది. ఆమె వినాలనే గట్టిగా చెప్పాడు.

"సచ్చిపోవాలనిపిస్తాది."

యేసమ్మ అతని మణికట్టు వదల్లేదు.