ఆఖరి పోగు ఆయనది

గురువారం పొద్దున షట్టర్ ఎత్తుతుండగానే కొట్టులో కాయిన్‌బాక్స్ ఫోన్ మోగింది. మా సైన్స్ సార్ పోయారట. రిటైరయ్యాక ఆయన కూర్చునేది పినపాకలో నా కిరాణా కొట్టు ముందు బెంచీ మీదే. నేను ఉల్లిగడ్డలు తూస్తుంటే, చాయ్ తాగుతూ మనిషి పుట్టుక గురించి చెప్పేవారు.

"పులిని తప్పించుకోనీకి కాళ్లు చాలు సేటూ. పక్కింటోడితోని బతకనీకే గింత పెద్ద బుర్ర కావాల్సొచ్చింది."

మా గల్లీవాళ్లం ఆదివారం కలిసి మేకను కోయించి, టేకాకుల మీద పోగులు పెట్టి పంచుకుంటాం. పోగులు పెట్టేది సారే. పెట్టినవాడు అందరి తర్వాతే తన పోగు తీసుకోవాలి, అది మా పద్ధతి. ఆయన పెడితే తన వాటాలో బొక్కలెక్కువ, కండ తక్కువ అని ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు.

పోయిన వానాకాలం ఒక పాపకు జ్వరం తగ్గలేదు. దవాఖానాకు తీసుకుపోవడం మాని, మా గల్లీలోనే బట్టలు కుట్టుకుని ఒంటరిగా బతికే ఆమె మంత్రం పెట్టిందన్నారు. ఆ ఆదివారం పాప మేనమామ, "సారూ, ఆమె పోగు తీసెయ్. ఆమె చూపు మంచిది గాదు," అన్నాడు.

"నీ అంగీ ఎవరు కుట్టిండ్రు?"

"ఆమెనే."

"మరి ఇప్పు. ఇప్పినంక తీస్త."

అంగీ విప్పలేదు. ఆ పోగును కాలితో మట్టిలోకి తన్నాడు. సార్ తన పోగు తీసుకెళ్లి ఆమె గడపలో పెట్టి వచ్చారు. మరుసటి వారం నుంచి పోగులు ఆ మేనమామే పెట్టేవాడు; ఆమెతోపాటు సార్‌కూ పోగు లేదు. ఆదివారాలు మా ఇంట్లో తిని, ఆమెకు గిన్నెలో కట్టించుకుని పోయేవారు.

"ఎనకట మందిలకెల్లి ఎలేస్తే అడవిల ఒక్కడే బతికేటోడు కాదు. గా భయం ఇంకా మన ఒంట్లనే ఉన్నది సేటూ. గందుకే అందరు గమ్మునుంటరు," అని నవ్వేవారు.

సార్‌ని మట్టి చేశాక వచ్చిన ఆదివారం, ఆ తన్నినవాడే ఆయన పేరు మీద ఒక పోగు పెట్టాడు. "దేవుడసొంటి మనిషి," అంటూ కళ్లు కూడా తుడుచుకున్నాడు.

"మరి గా పోగు ఆమెకియ్యరాదు?" అన్నాను.

"సారే పోయిండు. ఇంక గా పంచాయతీ ఏంది సేటూ?" అంటూ అందులోంచి కార్జం ముక్క ఏరి తన ఆకులో వేసుకున్నాడు. మిగతావాళ్ల చేతులూ అందులో పడ్డాయి. థూ! వీళ్లను ఏమనాలో మీరే చెప్పండి.

నా పోగు తీసుకెళ్లి ఆమెకిచ్చాను. ఆమె గల్లీ వైపు ఒకసారి చూసి, "వచ్చే ఐతారం నీకు గూడ పెట్టరన్నా," అంది.

"పెట్టకపోతే కోడి తింటం తియ్యి చెల్లె."

వెనక్కి వచ్చేసరికి అందరూ వెళ్లిపోయారు. సార్ పోగులు పెడుతూ గొంతుక్కూర్చునే చోట ఆయన ఆకు ఖాళీగా, నెత్తుటి తడితో పడి ఉంది. దాని నిండా ఈగలు.