దారం పట్టేది మా కోడలు

మల్కాపురంలో మొదటి బ్యూటీ పార్లర్ నాదే, ఇంటి ముందుగదిలో. ఇదేం పనని మా అత్తగారు ఆ గదిలో ఎన్నడూ అడుగుపెట్టలేదు. ఇవాళ వృత్తి పన్ను కట్టడానికి ఆఫీసుకి మాత్రం తోడొచ్చారు.

"మీ ఆయన పేరున రాసీమంటారామ్మా?" అన్నాడు గుమస్తా. నేను నోరు తెరిచేలోపే అత్తగారు ముందుకొచ్చారు.

"మావోడు పోర్టులో క్రేను తోల్తాడు బాబూ. ఆడోళ్ళ కనుబొమ్మలకి దారం ఆడు పడతాడేటి? పన్జేత్తన్నది మా కోడలు. దాని పేరే రాయి."

నాకు ఒళ్ళు పులకరించింది. రసీదు మీద నా పేరు ఎన్నిసార్లు చదువుకున్నానో!

సాయంత్రం ఆవిడే ముందుగదిలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. "నాకూ ఓపాలి దారం లాగవే" అని కళ్ళు మూసుకున్నారు. దారం పళ్ళతో పట్టుకుని ఆవిడ కనుబొమ్మల మీదికి వంగాను.

ఇంతకీ ఈ బేరాన్ని పార్లర్ లెక్కల్లో రాయాలంటారా?