వరహాలమ్మ కుళాయి

వరహాలమ్మ గురించి ఒక్కరైనా అడిగారా, మీ నోళ్లేం పడిపోయాయి? కిరండూల్ రైల్వే క్వార్టర్ల వీధికుళాయి దగ్గర బిందె అడ్డం పెట్టి, నడుం మీద చెయ్యేసి, పక్కింటి ముసలి స్టెల్లాతో రోజూ జగడమాడితేగానీ ఆమెకు ముద్ద దిగేది కాదు. ఇంతలో అందరి ఇళ్లలోకీ కుళాయిలొచ్చాయి. నోటికి పనిలేక వరహాలమ్మ మంచమెక్కి, తిండి మాని, గోడవైపు తిరిగి పడుకుంది. పదిహేనోరోజు లేచి, ఇంటి కుళాయిలో పాతగుడ్డ కుక్కి, "నీళ్లు రాట్లేదమ్మా కల్యాణీ, నానే ఎల్లి తెస్తాను" అని కోడలికి చెప్పి వీధిలోకి నడిచింది. అక్కడ స్టెల్లా ఒక్కతే ఖాళీ బిందెతో నిలబడి ఉంది.

"పదిహేను రోజుల్నుంచీ ఇక్కడే నిలబడి సస్తన్నాను, ఎక్కడ సచ్చేవే?"

"ఎక్కడైతే నీకేటి? నంబరు నాది, జరుగు!"

ఆ వరసలో ఉన్నది వాళ్లిద్దరే. అయినా మధ్యాహ్నం దాకా తగువు తెగలేదు. ఆ పూట వరహాలమ్మ రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. ఆ తర్వాత రోజూ జగడమాడుతూనే చాలా ఏళ్లు బతికింది; పోయేనాటికి ఆమెకు ఎనభై ఆరేళ్లు.