కాటా మీద గుర్రం

తీసా నది ఒడ్డున ఉన్న ఆ చిన్న పట్నంలో గావ్రా అంటే రెండు పనులకు పేరు. ఒకటి కాటాలు బాగుచేయడం, రెండోది ఫోటోలు తీయడం. మొదటి పనితో ఇల్లు గడిచింది. రెండో పనితో పేరొచ్చింది. ఆ పేరు రాకపోతే బాగుండేదని ఆయనకు అనిపించడం మొదలై చాలా ఏళ్లయింది. ఆ మాట భార్య పెర్సిదాతో కూడా ఎప్పుడూ పైకి అనలేదు.

ఏటా అక్టోబరు మొదటి మంగళవారం అక్కడి ఫోటో క్లబ్బుకి కొత్త ఏడు మొదలవుతుంది. ఫైరింజన్ల పాత షెడ్డు మేడమీద రెండు గదులే క్లబ్బు. ఒకప్పుడు ఫిల్ములు కడిగే చీకటిగది ఉన్నచోట ఇప్పుడు కంప్యూటరూ, ఫోటోలు అచ్చుతీసే యంత్రమూ కూర్చున్నాయి. ఈసారి క్లబ్బుకి అరవయ్యో ఏడు. కొత్త అధ్యక్షురాలు సెంకా మందుల షాపు నడిపే మనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి. ఏ పనినైనా కాగితం మీద రాసుకుని, టిక్కు పెట్టుకుంటూ చేసే రకం.

ఆ మంగళవారం పన్నెండు మందీ వచ్చి కూర్చున్నాక సెంకా కాగితం తీసింది.

"కొత్తవాళ్లకి క్లాసులు పదిహేడో తారీకు నుంచి. మొదటి క్లాసు ఎప్పట్లాగే గావ్రా బాబాయ్ చెప్తాడు. నవంబరులో కొంగల్ని తీయడానికి చిత్తడి నేలల వైపు వెళ్తాం. పేయా మాస్టారూ, ఈసారైనా రబ్బరు బూట్లు తెచ్చుకోండి."

"పోయినేడు తెచ్చుకున్నానమ్మా. రెండూ ఎడమకాలివే వచ్చాయి," అన్నాడు పేయా. రిటైరైన లెక్కల మాస్టారు. గావ్రా ఈడువాడే.

"జనవరిలో మనుషుల ముఖాలు తీసే సాయంత్రం. మే నెలలో అరవయ్యేళ్ల ప్రదర్శన. దానికి గోడపత్రిక నమూనా తయారు చేశాను, చూడండి," అని సెంకా చుట్టిన కాగితం ఒకటి బల్లమీద పరిచి, ఎగరకుండా నాలుగు మూలలా కాఫీ కప్పులు పెట్టింది.

అందరూ వంగి చూశారు. గావ్రాకి వంగి చూడవలసిన అవసరం లేకపోయింది. కూర్చున్నచోటి నుంచే అదేమిటో తెలిసింది. పెద్ద కాటా పలకల మీద నిలబడిన గుర్రం, దాని జూలులో ముఖం దాచుకున్న మనిషి, జూలును పట్టుకున్న ఆ మనిషి పిడికిలి. చుట్టూ పొగమంచు.

"అది వద్దు," అన్నాడు గావ్రా.

"అయ్యో బాబాయ్, మన క్లబ్బుకి బంగారు పతకం తెచ్చింది ఇదొక్కటే కదా."

"వేరేది పెట్టుకోండి. నావి ఎన్ని లేవు? బాతుల ఫోటో ఉంది."

"బాతుల్ని చూసి ఎవడొస్తాడయ్యా ప్రదర్శనకి?" అన్నాడు పేయా. "అరవయ్యేళ్లలో మనకి దక్కింది ఈ ఒక్క బొమ్మ. దానికి కూడా ఇప్పుడు సిగ్గుపడితే ఎలా?"

గావ్రా కోటు తీసుకుని మెట్లు దిగిపోయాడు. సెంకా వెనకాలే వచ్చింది. కింద షెడ్డు తలుపు దగ్గర ఆగి ఆయన సిగరెట్టు ముట్టించుకున్నాడు.

"నేనేమైనా తప్పు చేశానా బాబాయ్?" అని అడిగింది సెంకా.

"నువ్వు కాదమ్మా. నేను," అని, అక్కడే నిలబడి ఆమెకు జరిగింది చెప్పాడు.

ఆ ఫోటోలో మనిషి తొదోర్. గావ్రా కంటే ఏడేళ్లు పెద్ద. గోడకి గోడ ఆనుకున్న ఇళ్లు వాళ్లవి. రెండు దొడ్లకీ మధ్య కంచెలో చిన్న తలుపు ఉండేది. ఆ తలుపులోంచి ఉల్లిపాయలూ, నిచ్చెనా, నిన్నటి పేపరూ అటూ ఇటూ నడిచేవి. తొదోర్ బండి తోలేవాడు. స్టేషను నుంచి బొగ్గు, రేవు నుంచి గోధుమలు. లాస్తా అని గోధుమరంగు ఆడగుర్రం ఉండేది. తర్వాత లారీలొచ్చాయి. బొగ్గు లారీల్లో పోయింది, గోధుమలూ పోయాయి. ఎనభై నాలుగులో తొదోర్‌కి అన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. అక్టోబరులో ఆరేళ్ల కూతురు నాదా మెదడు జ్వరంతో నాలుగు రోజుల్లో పోయింది. డిసెంబరు వచ్చేసరికి గుర్రానికి గడ్డి కొనడం కూడా బరువై, లాస్తాని కబేళాకి ఇచ్చేయడానికి ఒప్పుకున్నాడు.

పశువుల్ని తూచేది సహకార సంఘం ఆవరణలోని పెద్ద కాటా మీద. ఆ కాటాని ఏటా సరిచూసేది గావ్రా. ఆ ఉదయం ఆయన అక్కడే మోకాళ్ల మీద కూర్చుని పలకల కింద తుప్పు గీకుతున్నాడు. సంచిలో స్పానర్లతో పాటు కెమెరా ఎప్పుడూ ఉండేది. పడవ మనిషి ఒకడి దగ్గర కొన్న పాత కెమెరా అది. తొదోర్ గుర్రాన్ని నడిపించుకొచ్చాడు. కాటా ఎక్కించాడు. మెడపట్టీ విప్పుతూ ఉన్నట్టుండి ఆగిపోయి, జూలులో ముఖం పెట్టేశాడు. భుజాలు కదిలిపోతున్నాయి. పొగమంచులోంచి వెలుతురు అప్పుడే పలచగా దిగుతోంది.

గావ్రా చేయి సంచిలోకి వెళ్లింది.

"వద్దురా గావ్రా," అన్నాడు తొదోర్, ముఖం ఎత్తకుండానే.

గావ్రా నొక్కాడు.

"నాకు వినపడలేదని అందరికీ చెప్పాను," అన్నాడు సెంకాతో. "పెర్సిదాకీ అదే చెప్పాను. వినపడింది. నీ మాట ఇప్పుడెంత బాగా వినపడుతోందో అంత బాగానూ వినపడింది."

ఆ ఫోటోకి అప్పటి క్లబ్బు పెద్ద 'గుర్రానికి వీడ్కోలు' అని పేరు పెట్టి నోవి సాద్‌ నగరంలో ప్రదర్శనకి పంపాడు. నిర్ణేతలు ఆ పిడికిలిని తెగ మెచ్చుకున్నారు. 'పల్లె మనిషి ప్రేమంతా ఆ పిడికిట్లో ఉంది' అని ఒకాయన రాశాడు. బంగారు పతకం వచ్చింది. జిల్లా పేపరు మొదటి పేజీలో వేసింది. ఆ వారం తొదోర్ రేవు దగ్గరి సారాకొట్లో అడుగుపెడితే మూలనుంచి ఎవడో గుర్రంలా సకిలించాడు. ఇంకొకడు, "ఏరా, నేను పోతే కూడా ఇలాగే ఏడుస్తావా, లేకపోతే నాకు తోక కావాలా?" అన్నాడు. గావ్రా ఆ కొట్లోనే ఉన్నాడు. నవ్వలేదు. నోరు తెరిచి వాళ్లను ఆపనూ లేదు. పతకం వచ్చిన ఆనందంలో అందరికీ ఆయనే సారా పోయిస్తున్నాడు ఆ రోజు.

మర్నాడు తొదోర్ కంచెలో ఉన్న ఆ చిన్న తలుపుకి అడ్డంగా పలకలు పెట్టి మేకులు కొట్టేశాడు. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. రెండేళ్లకి ఆయన భార్య ఎవిత్సా సుబోతిత్సా ఊళ్లో తన చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. తిరిగి రాలేదు. బిడ్డపోయిన ఇల్లు కదా, నిలబడలేకపోయి ఉంటుందని వీధంతా అనుకుంది. గావ్రా కూడా అలాగే అనుకున్నాడు. ఇద్దరు మగవాళ్లూ ఒకే గోడకి చెరోవైపు ముసలివాళ్లయ్యారు.

అంతా విని సెంకా, "మరి వెళ్లి ఆయన్నే అడగరాదా?" అంది.

"ఏమని అడగను?"

"వేసుకోమంటావా వద్దంటావా అని. వద్దంటే చింపేస్తాను. నాకేం పోయింది, కాగితం." మళ్లీ తనే అంది, "ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదా బాబాయ్?"

గావ్రా సిగరెట్టు కాలికింద నలిపేశాడు.

శనివారం పొద్దున కోటు వేసుకుంటుంటే పెర్సిదా అడ్డం వచ్చింది.

"ఏమయ్యా, పెళ్లికా?"

"తొదోర్ దగ్గరికి."

ఆమె వంటింట్లోకి పోయి, గసగసాలు పెట్టి చుట్టిన రొట్టె సగం కోసి గుడ్డలో కట్టి చేతిలో పెట్టింది. "నలభై ఏళ్లకి పక్కింటికి దారి దొరికిందన్నమాట. చేతులూపుకుంటూ పోకు. ముందే నీకు మాటలు రావు," అంది.

వీధి గుమ్మం లోంచి వెళ్లాడు. తొదోర్ వసారాలో పీట మీద కూర్చుని అక్రోట్లు కొడుతున్నాడు. ఎనభై ఏళ్లు. చేతులు మాత్రం బండి తోలిన చేతుల్లాగే ఉన్నాయి.

"ఎవరది?"

"నేను. గావ్రాని."

"కుక్క పోయినేడే చచ్చింది. నీ అదృష్టం," అన్నాడు తొదోర్. ఇంకో అక్రోటు కొట్టి, కాలితో ఒక పీటని ముందుకు తోశాడు.

గావ్రా కూర్చుని, క్లబ్బు సంగతీ, అరవయ్యేళ్ల సంగతీ, గోడపత్రిక సంగతీ చెప్పుకొచ్చాడు. చెబుతుంటే తన మాటలు తనకే ఎవరో కాటా అమ్మడానికి వచ్చినవాడి మాటల్లా వినిపించాయి.

తొదోర్ అంతా విన్నాడు. "ఆ బొమ్మలో నేను దేనికి ఏడుస్తున్నాననుకున్నావు?" అన్నాడు.

"లాస్తా కోసం."

"ఊళ్లో అందరూ అదే అనుకున్నారు. ఎవిత్సా కూడా అదే అనుకుంది." సుత్తి పక్కన పెట్టాడు. "నాదాని పూడ్చిన రోజు నువ్వూ ఉన్నావుగా. నేను ఏడ్చానా?"

గావ్రా తల అడ్డంగా ఊపాడు.

"రాలేదు. ఏం చేసినా ఏడుపు రాలేదు. ఎవిత్సా నా ముఖంలోకి చూస్తూ ఉండేది, ఎప్పుడు ఏడుస్తాడా అని. ఏడ్చి ఉంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్లం. రెండు నెలలు అలా గడిచాయి. ఆ రోజు కాటా మీద దాని మెడపట్టీ విప్పితే, కింద, పట్టీ కప్పేసిన చోట, జూలుకి సన్నగా జడ అల్లి ఉంది. ఎర్ర ఊలు దారంతో. నాదాకి అదొక్కటే ఆట. గుర్రానికి జడలు వేయడం. చనిపోయేముందు ఎప్పుడో అల్లింది. నేను చూసుకోలేదు. ఆ జడే పట్టుకున్నాను."

గావ్రా ఆ పిడికిలిని ఎన్నిసార్లు పెద్దది చేసి చూశాడో లెక్కలేదు. ఆ వేళ్ల సందున ఏముందో ఒక్కసారీ అనుకోలేదు.

"ఎవిత్సాకి చెప్పలేదా?" అన్నాడు చివరికి.

"చెప్పాలనే ఇంటికొచ్చాను. జడలోంచి విప్పుకున్న ఆ దారం జేబులోనే ఉంది. కాని దానికి ఎలా ఇవ్వాలో తెలియలేదు. ఇవాళ చెప్తాను, రేపు చెప్తానని తోసుకుంటూ వచ్చాను. ఈలోగా పేపరొచ్చింది. అది చూసి ఎవిత్సా, 'బిడ్డ పోతే కంట తడి పెట్టనివాడు, గుర్రం పోతే ఏడ్చాడు,' అంది. అప్పుడు చెప్పాను. దారం కూడా చూపించాను. ఎవరు నమ్ముతారు? బొమ్మ కింద అచ్చేసి ఉందిగా, గుర్రానికి వీడ్కోలు అని. అచ్చులో ఉన్నది నిజం, మొగుడు చెప్పింది అబద్ధం."

వసారాలో ఈగ ఒకటి రొట్టె మూట చుట్టూ తిరుగుతోంది. తొదోర్ దాన్ని చేత్తో తోలాడు.

"తొదోర్, నువ్వు వద్దన్నది నాకు వినపడింది."

"తెలుసు. నువ్వు నొక్కిన చప్పుడు నాకూ వినపడింది."

"ఎవిత్సాకి నేను వెళ్లి చెప్పి ఉంటే..."

"ఏం చెప్తావు? నీకు మాత్రం తెలుసా? అడిగితేగా తెలియడానికి." కోపంగా అనలేదు. అందుకే గావ్రాకి తల ఎత్తబుద్ధి కాలేదు. "అది చనిపోయి పన్నెండేళ్లయింది. ఇప్పుడు నువ్వు ఎవరికి చెప్పినా ఒకటే. వేసుకుంటే వేసుకోండి."

"వెయ్యం."

"నీ ఇష్టం," అని తొదోర్ మూట విప్పి రొట్టె వాసన చూశాడు. "పెర్సిదా చేసిందా? గసగసాలు ఇప్పటికీ తక్కువే వేస్తోంది."

మంగళవారం గావ్రా క్లబ్బులో ఆ ఫోటో ప్రదర్శనకి ఇవ్వనని చెప్పేశాడు. కారణం చెప్పలేదు. సెంకా కూడా అడగలేదు. గోడపత్రిక మీదికి బాతులే వచ్చాయి. "అరవయ్యేళ్లు ఈదాం, అదే అర్థం," అని పేయా చాలా రోజులు వెక్కిరించాడు. పదిహేడో తారీకు కొత్తవాళ్లకి మొదటి క్లాసు. తొమ్మిదిమంది వచ్చారు. ఆ రోజు వాళ్లకి ఈ సంగతి చెప్పాలని గావ్రా దారిపొడుగునా మాటలు కూర్చుకుంటూ వెళ్లాడు. తీరా నిలబడ్డాక, వెలుతురు ఎంత కావాలో, చేయి కదలకుండా ఎలా పట్టుకోవాలో, ముప్పై ఏళ్లుగా చెబుతున్నవే చెప్పి కూర్చున్నాడు.

కాని శనివారాలు పక్కింటికి వెళ్లడం మానలేదు. ఆ తర్వాతి శనివారం గుమ్మంలో తొదోర్ ఒకే మాట అన్నాడు: "రావాలనుంటే రా. ఆ కెమెరా డబ్బా మాత్రం తేకు." గావ్రా తీసుకెళ్లలేదు. పేకముక్కలు వేసుకునేవాళ్లు. మల్బరీ సారా చెరో చిన్న గ్లాసు. పెద్దగా మాట్లాడుకున్నదేమీ లేదు. ఒకసారి తొదోర్, నాదాకి పళ్లు ఊడితే వాటిని లాస్తాకి తినిపించబోయిందని చెప్పి తనే నవ్వాడు. ఇంకోసారి గావ్రా, "నన్ను క్షమించావా?" అని అడిగితే, "ముక్క వెయ్యి," అన్నాడు. గావ్రా ముక్క వేశాడు. ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

ఫిబ్రవరిలో, తీసా అంచులు గడ్డకట్టిన వారంలో, తొదోర్ నిద్రలోనే పోయాడు.

ఆయన చెల్లెలి కొడుకు పక్క ఊరినుంచి వచ్చి అన్నీ చూసుకున్నాడు. ఆ మధ్యాహ్నమే గావ్రా తలుపు తట్టాడు.

"బాబాయ్, వీధిలో అంటించే చావు కబురు కాగితాలకి మామయ్య ఫోటో కావాలి. ఇంట్లో ఒక్కటీ లేదు. మీరు ఫోటోలు తీస్తారటగా. పక్కపక్క ఇళ్లు. మీ దగ్గర చాలా ఉంటాయని అనుకున్నాం."

పెర్సిదా మొగుడి వైపు చూసింది. గావ్రా అతన్ని కూర్చోబెట్టాడు. బీరువాలో పెట్టెలన్నీ తీశాడు. పెళ్లిళ్లు, వరదలు, కొంగలు, సంతలు, ఎవరెవరి పిల్లలో. సాయంత్రం దాకా వెతుకుతున్నట్టే వెతికాడు. తొదోర్‌ది తన దగ్గర ఒక్కటే ఉందని, అందులో ముఖం కనపడదని, వెతకడం మొదలుపెట్టక ముందే ఆయనకు తెలుసు.

చివరికి గుర్తింపు కార్డు మీదున్న ఫోటోనే సరిపెట్టుకున్నారు. గావ్రా దాన్ని క్లబ్బుకి తీసుకెళ్లాడు. సెంకా షాపు మూసి వచ్చి యంత్రం ఆన్ చేసి ఇచ్చింది. కార్డు కోసం పోలీసు స్టేషనులో తీసిన బొమ్మ. ఒక చెవి బొమ్మ అంచులో తెగిపోయింది, కళ్లు చిట్లించి ఉన్నాయి. గావ్రా చాలాసేపు కూర్చుని నీడ కొంచెం తగ్గించాడు, గడ్డం దగ్గర మరక తుడిచాడు. అంతకు మించి ఏమీ చేయలేకపోయాడు.

"ఎన్ని తీయను బాబాయ్?" అంది సెంకా.

"ఇరవై," అన్నాడు గావ్రా. ఆ కాగితాలు ఒక్కొక్కటే బయటికి వస్తుంటే, తడి ఆరేదాకా ఒకదానికొకటి అంటుకోకుండా బల్లమీద పరిచాడు.