నిలబడ్డ జీపు

ఇస్రాయేలు గద్వాల–అయిజ దారిలో సొంత జీపు నడిపేవాడు. 2006 వానాకాలంలో ఒకరోజు, ముసలమ్మను దించడానికి జీపును రోడ్డు పక్కకు తీసి ఆపాడు. ఆమె మూట అందిస్తుండగా ఒక మోటార్ సైకిలు వెనకనుంచి వచ్చి గుద్దుకుంది. నడుపుతున్న లక్ష్మణ్ కాలు విరిగింది. అతను పక్క ఊళ్లో విత్తన పత్తి పండించే రైతు. వెనక కూర్చున్న భార్య తిమ్మమ్మ గీరుకుపోయిన మోచేతులతో లేచింది.

జనం మూగారు. ఆ దారిలో తీర్పు ఎప్పుడూ ఒకటే: ఎవరిది పెద్ద బండైతే వాళ్లే ఇచ్చుకోవాలి.

"పెద్ద బండి నీదే గదనే," అన్నాడొకడు.

"పెద్దదైతేంది? నిలబడి ఉండె గదా," అన్నాడు ఇస్రాయేలు.

వాదన అక్కడే వదిలేసి, ఇస్రాయేలు లక్ష్మణ్‌ను జీపులో పడుకోబెట్టుకుని గద్వాల దవాఖానకు తీసుకుపోయాడు. మందులు తనే కొన్నాడు. "గిది సాయం చెల్లె, జుర్మానా గాదు," అని తిమ్మమ్మకు చెప్పాడు.

వారం తిరగకముందే, వకీలు దగ్గర పనిచేసే వెంకటన్న అతన్ని జీపుల స్టాండులో పట్టుకున్నాడు.

"నీ జీపుకు బీమా ఉన్నది గదా, ఇగ పరేషానేంది? బండి ఉరుకుతుండె, తప్పు నాదే అని ఠాణాల చెప్పు. లక్ష్మణ్‌కు బీమావోళ్లే ఇస్తరు. నీకేం పోతది?"

"మనిషి కాలిరగ్గొట్టిన డ్రైవర్నైత."

"అబ్బో! ఆదివారం ఆదివారం చర్చికి పొయ్యి గిట్లయినవా?"

"చర్చికి మా ఆమె పోతది. నేను ఆదివారం గిరాకీ ఇడువ."

ఇస్రాయేలు నవ్వాడు గాని, 'నీకేం పోతది' అన్న మాట అతన్ని వదల్లేదు. పూత మీదున్న పత్తిలో తిమ్మమ్మ ఒక్కతే వంగి పనిచేస్తోంది. ఒక్క అబద్ధంతో వాళ్లకు ఆ ఏడు గడిచిపోతుంది. జీపు వెనక సొట్టను సొంత డబ్బుతో తీయించుకుని, కట్టు మార్చాల్సినప్పుడల్లా లక్ష్మణ్‌ను దవాఖానకు తిప్పాడు. కిరాయి అడగలేదు.

ఠాణాకు అందరినీ పిలిచారు. "తప్పెవరిది?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్. వెంకటన్న కళ్లతో సైగ చేశాడు.

"బండి నిలబెట్టి ఉంటి సారూ," అన్నాడు ఇస్రాయేలు.

లక్ష్మణ్ తల వంచుకున్నాడు. వెంకటన్న ఏదో అనబోయేలోపు తిమ్మమ్మ అందుకుంది.

"నిలబడే ఉండె సారూ. మా ఆయనే ఎనకకు మొగం తిప్పి, నాతోని కొట్లాడుకుంట నడిపిండు."

"గవన్నీ గీడెందుకే!" అన్నాడు లక్ష్మణ్.

బయటికి వచ్చాక ఆమె జీపు దగ్గర ఆగింది.

"అన్నా, ఇగ కేసు లేదు గదా. రేపు పట్టీ మార్పిచ్చనీకి దవాఖానకు తీస్కపోతవా మరి?"

"కేసు కోసం తిప్పుతున్ననుకుంటివా?"

"గట్ల గాదు. నీ గిరాకీ నీకుంటదని."

మర్నాడు పొద్దున వాళ్ల ఊరి దగ్గర జీపు ఆగింది. ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్న ముగ్గురినీ ఇస్రాయేలు దించాడు. ఇద్దరు వెనక సర్దుకున్నారు. మూడోవాడు పైసలిచ్చి నిలబడి రావాలా అని గొణిగాడు.

"బస్సొస్తది, ఎక్కిరా," అని అతని కిరాయి చేతిలో పెట్టేసి, లక్ష్మణ్ వైపు తిరిగాడు. "కాలు సాపుకో తమ్మీ."